ముగ్గేసిన బాత్రూము

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి, గోడకు ఆనుకుంటే నడుముకు హాయిగా ఉంటుంది. నేను చెప్పబోయేది కంపు సంగతే గానీ వినేవాళ్లకు అంటుకోదులెండి. ఆ రోజుల్లో తిరుపతిలో మాలాంటి ఇళ్లలో ఆడవాళ్ల స్నానమంటే పెరట్లో తడిక చాటున, కట్టుకున్న చీరతోనే, గబగబా నాలుగు చెంబులు కుమ్మరించుకోవడం. సబ్బు వీపుకు అందిందో చీరకే అందిందో దేవుడికే తెలియాలి. అదే సుఖమనుకుని బతికాం. ఇంతలో పక్కింటివాళ్లు మేడ వేశారు. ఆ మేడ మీద నిలబడితే మా తడిక ఉన్నా లేనట్టే. అప్పటినుంచి స్నానం నాకు దొంగతనమైపోయింది.

ఇత్తడి సామాన్ల అంగట్లో పనిచేసే మా ఇంటాయనతో మూడు నెలలు పోరాడాను. (ఆయన మెత్తటి మనిషి. పోరాడేదంతా నేనే, ఆయన అన్నం కలుపుకుంటూ వినేవాడు.) ఆఖరికి మా వీధి కింద మురుగు గొట్టం వేయడంతో, వంటింటి పక్క వసారా మూయించి బాత్రూము కట్టించుకున్నాం. నాలుగు గోడలు, ఒక తలుపు, అద్దంలాంటి గచ్చు, మూలన నీళ్లు పోవడానికి తూము. మా అత్తకు మాత్రం అది మొదటినుంచీ గిట్టలేదు. "అన్నం తినే ఇంట్లో మురుక్కాలవేందిమే?" అని మేస్త్రీ పనిచేసినన్నాళ్లూ పెరట్లోనే కూర్చుంది. పని ముగిసేసరికి ఆషాఢం వచ్చిపడింది. "ఈ నెల పోనీ. మంచి దినం సూసి నీళ్లు పోసుకుందురు" అంది.

సరేనన్నాను. అని ఊరుకుంటే బాగుండేది. అయిదో తరగతితో ఆగిన నా తెలివినంతా ఆ గదిలో చూపించాను. కొత్త గచ్చు మీద మరక పడకూడదని చుక్క నీళ్లు పోయకుండా రోజూ పొడిగుడ్డతో తుడిచాను. గడపకు పసుపు రాశాను. నడిమధ్య ముగ్గేశాను. తూము చుట్టూ తామర రేకులు కూడా దిద్దాను. చూడ్డానికి వచ్చిన వీధిలోని ఆడవాళ్లు చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్లేవాళ్లు. ఒకావిడ అలవాటు కొద్దీ చేతులు జోడించింది కూడా.

ఆ ఏడు ఆషాఢంలోనూ ఎండలు తగ్గలేదు. పదిహేను రోజులు గడిచాయో లేదో ఇంట్లో వాసన మొదలైంది. "ఎలుక సచ్చిండాదేమో" అన్నాడు మా ఇంటాయన. బియ్యం మూటలు దించాం, రోలు జరిపాం, అటక దులిపాం. ఎలుక దొరకలేదు గానీ ఎప్పుడో పోయిన ఆయన కళ్లజోడు దొరికింది. తరవాత అనుమానం ఆయన చెప్పుల మీదికి పోయింది. ముందు చెప్పులు పెరట్లోకి పంపాం, తరవాత చొక్కా, చివరికి ఆయన్నే పంపాం. "ఈడ గాలి బాగుండాదబ్బా" అన్నాడు పెరట్లోంచి. వాసన మాత్రం ఇల్లు కదల్లేదు. ముక్కు పట్టుకుని వెతుక్కుంటూ పోయిన మా అత్త, నా తామర పువ్వు ముందు ఆగింది. "ఈడ్నించే వస్తాండాది. నేను చెప్పలా?"

వేపాకులు పరిచాను, కర్పూరం వెలిగించాను, సాంబ్రాణి పొగ వేశాను. ఆ కంపూ ఈ పొగా కలిసి ఇంకో మూడో వాసన పుట్టింది. ముక్కు మూసుకుంటేనే ముద్ద దిగేది, మూసుకుంటే పులుసు రుచి తెలిసేది కాదు. చివరికి అత్త తీర్పు చెప్పేసింది. "శుక్రారం నా బిడ్డ కుటుంబం చిత్తూరు నుంచి వస్తాది, కొండకు పోయేదానికి. ఈ కంపులో వాళ్లను యాడ కూసోబెట్టేది? మేస్త్రీని పిల్సి తూము మూయించండి. గదిలో కట్టెలేసుకుందాం." మా ఇంటాయన తలొంచుకుని మేస్త్రీకి కబురు పంపాడు.  కంపు నిజమే కదా, ఏమని వాదిస్తాను?

మేస్త్రీ వచ్చేది మరునాడు. ఆ మధ్యాహ్నం అత్త పక్కింటికి వెళ్లినప్పుడు నాకు దుఃఖం పొంగుకొచ్చింది. మళ్లీ ఆ తడిక, ఆ మేడ, ఆ దొంగ స్నానం. కట్టెల పాలయ్యేలోపు ఒక్కసారన్నా ఇందులో నీళ్లు పోసుకుని తీరతాననుకున్నాను. ముక్కుకు పాత పైట చుట్టుకుని, రెండు కడవలు లోపలికి తెచ్చుకుని గడియ వేశాను. ఒళ్లంతా సబ్బు రుద్దుకుని రెండు కడవలూ నెత్తిమీదుగా ఒంపేసుకున్నాను. ముగ్గు కరిగి తూములోకి పోతుంటే కాసేపు ఏడ్చాను కూడా. (ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.)

సాయంత్రం అత్త వంటింట్లోకి వచ్చి గాలి పీల్చింది. "సాంబ్రాణి మార్చినావా?"

"లేదత్తా."

"కంపు తగ్గిండాదే." నా వైపు తిరిగి జడ పట్టుకుని పిండింది. నీళ్లు కారాయి. ఇంకోసారి గాలి పీల్చింది.

పొద్దున మేస్త్రీ సిమెంటు తట్టతో వచ్చాడు. పొగాకు నములుతూ తూము మీదికి వంగి చూశాడు. "కంపు యాడుండాదమ్మా?"

"నిన్నటి దాకా ఉన్నింది. నిన్న నేను నీళ్లు పోసుకున్నాను."

"అంతకు ముందు?"

"ఒక్క చుక్క పోయలా. పొడిగుడ్డతోనే తుడిచినాను" అన్నాను, మెచ్చుకుంటాడేమోనని.

మేస్త్రీ నమలడం ఆపేశాడు. "తల్లీ, తూము కింద గొట్టానికి వంపు పెట్టినాను. ఆ వంపులో నీళ్లు నిలిస్తేనే వీధి కంపు ఇంట్లోకి రాదు. ఆ నీళ్లే మూత. నేను పోసి పోయిన నీళ్లు ఎండిపోయినాయి. మీరు మూత తీసిపెట్టి సాంబ్రాణేస్తాండారు."

మా ఇంటాయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు, ఈసారి ఎవరూ పంపకుండానే. అత్త నవ్వలేదు. ఆషాఢం పోనీమన్నది తనే కదా. తలుపు దగ్గరికి పోయి, "ఆ గడియ గట్టిగా పడతాదా?" అని అడిగింది.

"ఏనుగు తోసినా రాదు, పెద్దమ్మా" అన్నాడు మేస్త్రీ.

కడవతో నీళ్లు పెట్టించుకుని, ఉతికిన చీర భుజాన వేసుకుని అత్త లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. అరవై దాటిన మనిషి, చుట్టూ చూసుకోకుండా నీళ్లు పోసుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఎంతసేపటికీ రాలేదు. నాకు భయమేసి తలుపు తట్టాను. "అత్తా, బాగుండావా?"

"ఇంకో కడవ తెచ్చి ఈడ పెట్టుమే" అంది లోపలినుంచి, నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో. "తొందరేం లేదు."

మేస్త్రీ తట్టెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ రోజునుంచీ నేను పోరాడి కట్టించుకున్న గదిలో నా వంతు రావడమే గగనమైంది. పైటకొంగు నడుముకు దోపుకుని, "ఇంకెంతసేపత్తా" అని తలుపు బయట గొణుక్కునే ఆనాటి కోడలుపిల్ల ఇప్పటికీ నా కళ్ల ముందు కనిపిస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో మనిషికొక బాత్రూము. ఎంతసేపు పోసుకున్నా అడిగేవాళ్లు లేరు, నాకేమో రెండు చెంబులకే చలి పుడుతుంది. నవ్వుకుని బయటికి వచ్చేస్తాను.

మీ ఇంట కుండలు నిండుగా ఉండాలి, గాలి చల్లగా వీచాలి. తలుపు బయట వంతు కోసం సణిగే మనుషులు మీ ఇంట ఎప్పుడూ కళకళలాడుతూ ఉండాలి.