నాగలింగం వడ్డించిన సాంబారు

వ్యాసర్పాడి రైల్వే యార్డులో మూటలు మోసే నాగలింగం మా వెనక గదిలో అద్దెకుండేవాడు. ఒకప్పుడు ఆ యార్డులోనే సూదితో మత్తు ఎక్కించుకునేవాడు. మానేసి రెండేళ్లయింది. తొంభై ఆరులో ఒక సంస్థ మా వీధి బడిలో నర్సులకూ అంగన్‌వాడీ టీచర్లకూ ఐదు రోజుల శిక్షణ పెట్టింది. మత్తుకు అలవాటు పడ్డవాళ్లతో ఎలా మాట్లాడాలి, ఎయిడ్స్ ఎలా వస్తుంది, ఎలా రాదు అని. మూడో రోజు పాఠం నాగలింగానిది. నర్సులు ఒప్పుకుంటే వాళ్లతోపాటే ఉద్యోగం ఇప్పిస్తానని సంస్థ మేనేజరు భాష్యం మాటిచ్చాడు. ఇక మూటలు మోసే ఒళ్లు కాదు నాగలింగానిది. ఆ ఉద్యోగమే దిక్కు.

ఒళ్లెందుకు చిక్కుతోందో నాకు తెలుసు. గది ఊడుస్తుంటే చాప కింద రక్తపరీక్ష చీటీ కనిపించింది. నేను చదివింది ఐదో తరగతే. గోడల మీద ఎయిడ్స్ ప్రకటనల్లో రోజూ చూసే ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలకు అది చాలింది. ఊరుకోవచ్చు కదా! శిక్షణకు వెళ్తున్న ఎదురింటి నర్సు చూడామణిని అడిగాను.

"ఏమే చూడామణీ, నాగలింగం తాగిన లోటా వేణ్ణీళ్లతో కడిగితే చాలునా?"

"ఎందుకత్తా?"

చెప్పేశాను.

మూడో రోజు నేనూ బడి కిటికీ దగ్గర చేరాను. నాగలింగం చొక్కా చెయ్యి మడిచి మచ్చలు చూపించాడు. "ఒక సూదే ఐదుమంది పొడుచుకుంటాము మేడం. తిడితే పారిపోతాము. అన్నం తిన్నావా అని అడగండి, నిలబడతాము."

అందరూ రాసుకున్నారు. కలిసి తింటే జబ్బు రాదని కూడా రాసుకున్నారు.

మధ్యాహ్నం సాంబారు బకెట్టు అతనే పట్టుకున్నాడు. చూడామణి విస్తట్లో అన్నం అప్పటికే ఉంది. దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దప్పా, నాకీపొద్దు ఉపవాసం."

పక్కామెకూ ఉపవాసమే. ఆ వరుసంతా ఉపవాసమే.

"ఏం వారమమ్మా ఇది, ఇంతమంది దేవుళ్లకు?" అని నవ్వబోయాడు. పాఠాలు చెప్పే రాగిణి ఒక్కతే పోయించుకుని తిన్నది.

ఆఖరి రోజు పరీక్షలో, కలిసి తింటే వస్తుందా అన్న ప్రశ్నకు అందరూ రాదనే రాశారు. చూడామణికి నూటికి నూరు.

భాష్యం నాగలింగాన్ని పక్కకు పిలిచాడు. "బాగా చెప్పినావప్పా. నీతో పనిచేసేదానికే ఒక్కరూ ఒప్పుకోలేదు."

అతను ఇంటికి వచ్చేసరికి నేను గది ఫినాయిలుతో కడిగి తాళం వేశాను. చాప, పెట్టె అరుగు మీద ఉన్నాయి.

"ఎవురు చెప్పినారు పెద్దమ్మా?"

"వీధంతా చెప్పుకుంటా ఉండారు."

"వీధికి ఎవురు చెప్పినారు?"

"నా మనవళ్లు ఉండారురా ఈడ. వేరే చోటు చూసుకో."

పెట్టె ఎత్తలేక ఈడ్చుకుంటూ పోయాడు. ఎటు పోతాడో చూద్దామని వీధి చివరిదాకా వెనకే నడిచాను. యార్డు వైపే తిరిగాడు.