స్విమ్మింగ్ పూల్‌కి దిష్టి

మా ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే మిషను ఈ రోజు మళ్ళీ ఆగిపోయింది. ఉప్పు ఎక్కువైందని ఎర్ర లైటు వెలిగింది. నేను వేయలేదు, మా ఆయనా వేయలేదు. పూల్ చూడ్డానికొచ్చిన చుట్టాలు గేటు దాటి వెళ్ళగానే, మా అత్తగారు చేటెడు రాళ్ళుప్పు పూల్ చుట్టూ తిప్పి అందులోనే కుమ్మరించారు.

"రోజూ ఇలాగే వేత్తన్నారా అత్తయ్యా?" అన్నాను.

"అనకాపల్లంతా వచ్చి సూసి పోతన్నారమ్మా. దిష్టి తియ్యొద్దేటి?"

నీళ్ళు ఆవిరవుతాయి గానీ ఉప్పు పోదని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. సగం నీళ్ళు తోడించి, మంచినీళ్ళ ట్యాంకరు పిలిపించాను. సాయంత్రం అది రాగానే వీధి వీధంతా గేటు దగ్గర చేరింది. అత్తగారు వాళ్ళందరినీ ఒకసారి కలయజూసి, చేట కోసం లోపలికి వెళ్ళారు.

ఉప్పు లేకుండా దిష్టి తీయడం మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.