ఎదురింటి వదిన సోమవారం పేజీ

"ఆమె వెళ్ళిపోయారు, ఆమె పేజీ కూడా మూతపడింది" అని మన అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీగారు రాశారు. మొదటి మాట నిజం. పోయిన వారం మా ఎదురింటి వదిన ఆసుపత్రిలో కన్నుమూసింది. రెండో మాట మాత్రం సెక్రటరీగారి సొంత కవిత్వం. పేజీ మూతపడలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గోపన్‌పల్లిలో మా తలుపులు ఎదురెదురు. ఆమెది నల్గొండ వైపు, బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. మాది తెనాలి. చుట్టరికం ఏమీ లేదు. వచ్చిన రోజే తను నన్ను వదినా అంది, నేనూ వదినా అన్నాను, అంతే.

కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని కదా, కంప్యూటర్ మీద తెలుగు రాయడం నేర్చుకుందామని ఆమె ఇంటికి పెన్‌డ్రైవ్ పట్టుకుని మరీ వెళ్ళాను. నాకు తెలిసిన ఆధునికత అంతవరకే. ఆమె దాన్ని మర్యాదగా ఆవకాయ సీసా పక్కన పెట్టింది. "రాసింది ఈ మిషిన్ల ఉండదు వదినా. బ్రౌజర్ తెరిచి నీ పేరు కొడితె యాడనైనా వస్తది" అంది. నవ్వలేదు. ఆమెలో నాకు మొదట నచ్చిన గుణం అదే.

ఒకసారి తెరిచిన ట్యాబ్‌ను ఆమె మూసేది కాదు. కరెంటు బిల్లు, మనవరాలి స్కూలు, ఎంఎంటీఎస్ రైళ్ళ వేళలు అన్నీ పైన ఇరుక్కుని, ఒక్కదాని పేరూ కనబడేది కాదు. ఏది ఎక్కడుందో ఆమెకే తెలుసు. పొద్దున టీ కంటే ముందు తన ఊరి వాతావరణం చూసేది. అక్కడ పొలం లేదు, అయినవాళ్ళూ లేరు. ఎందుకని అడిగితే, వాన పడ్డదో లేదో తెలియాలి కదా అనేది.

సోమవారం పేజీ ఆమె ఆలోచనే. వారానికో ప్రశ్న వేసేది. ఎవరి ఫోన్‌లోంచి వాళ్ళం, అందరం ఒకే పేజీలో జవాబు రాయాలి. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ భార్య యాదమ్మ నుంచి సాఫ్ట్‌వేర్ కోడళ్ళ దాకా అందరూ రాసేవారు. ఓసారి యాదమ్మ ఫోన్ అద్దాన్ని కొంగుతో తుడుస్తుంటే ఎక్కడెక్కడ నొక్కుకుందో, పేజీ మొత్తం ఖాళీ అయింది. ఏడుస్తూ మెట్లెక్కి వచ్చింది. వదిన ఆమెను కూర్చోబెట్టి, పేజీ పాత రూపాలు దాగి ఉండే చోటు తెరిచి, ముందురోజు సాయంత్రానిది వెనక్కి తెచ్చింది.

"దీంట్ల రాసింది పోదు యాదమ్మా. భయపడి రాయకుంటెనే పోతది" అంది.

ఆమె పోయాక సోమవారం వచ్చింది. ప్రశ్న తను ముందే రాసిపెట్టి ఉంచింది: మీ వంటింటి కిటికీలోంచి ఏం కనబడుతుంది? పేజీ తెరిచాను. తెరిచినవాళ్ళ పేర్లు పైన కనబడతాయి, అందరివీ ఉన్నాయి, ఒక్కరూ అక్షరం కొట్టడం లేదు. పరామర్శకు వచ్చి చాప మీద కూర్చున్నట్టు కాసేపు ఉండి, ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇదే అలవాటైతే సెక్రటరీగారి మాటే నిజమవుతుందని భయం వేసింది.

అప్పుడు అక్షరాలు కదిలాయి.

"మాకు కిటికి లేదు మేడం. తలుపు తీస్తె కార్లు కనవడ్తయి. నిన్న తెల్ల కారు కింద పిల్లి ఈనింది. నాలుగు పిల్లలు."

యాదమ్మ. పోయినామె ఎదురుగా కూర్చుని ఉన్నట్టే రాసింది. దాని కింద ఒక కోడలు, ఏ తెల్ల కారు అని అడిగింది. ఇంకొకరు తమ కిటికీలోంచి కనిపించే క్రేన్ గురించి రాశారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని, నా వంతు రాశాను. మర్నాడు వదిన కొడుకు ఆమె ఖాతాలోంచి పేజీని నా పేరుకు మార్చాడు. "మీరే చూసుకోండి అత్తమ్మా" అన్నాడు. చూసుకుంటాను. వచ్చే సోమవారం ప్రశ్న నేనే వేస్తాను, బాగాలేకపోతే నా మొహం మీదే చెప్పండి.

ఇక మీరు చేయాల్సిన చిన్న పని. ఆన్‌లైన్‌లో తెప్పించిన సామాన్ల అట్టపెట్టెలు అందరి బాల్కనీల్లోనూ గుట్టలుగా ఉన్నాయి, తెలుసు. కాస్త లోతుగా ఉన్నదొకటి, ఒక పాత తువ్వాలు యాదమ్మకు ఇచ్చి రండి. రేపు ఆఫీసుకు బయల్దేరేవాళ్ళు కారు తీసేముందు ఒకసారి వంగి కిందకు చూడండి. పిల్లికూనలు ఇంకా కళ్ళు తెరవలేదట. తల్లి దగ్గరికొస్తే నాలుగూ ఒకేసారి తలలెత్తుతున్నాయట.