పరీక్షలో తప్పిన ఏలియా అయ్యగారు

మంగళవారం ఉదయం ఆరుంబావుకు ఫోను మోగింది. "అక్కా, అయ్యగారు లేస్తలేరు. ఎంత పిలిసినా పలుకుతలేరు" అన్నది పాస్టరమ్మ. నేను చేరేసరికి ఆరూ నలభై. ఇబ్రహీంపట్నంలో మా సంఘాన్ని పందొమ్మిదేళ్లు నడిపిన పాస్టర్ ఏలియా గారు నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరారు. రెండు రోజుల క్రితం ప్రసంగించిన మనిషి.

ఆ గదిలో నిలబడగానే సంఘం గురించి భయం పట్టుకుంది. చుట్టూ వెంచర్లు లేచి, కాలనీకొక కొత్త మందిరం వెలుస్తున్న కాలమిది. కాపరి లేని మంద ఎన్ని వారాలు కలిసి ఉంటుంది?

ఆయన దీని గురించి ఎనిమిదేళ్ల క్రితమే ఆలోచించారు. మొదట తప్పుగా ఆలోచించారు. ఆ తప్పును ఆయనే అందరికీ చెప్పుకునేవారు కనుక నేనూ రాస్తున్నాను.

అప్పుడు సంఘానికి పెద్దలను ఎన్నుకోవాలి. వాక్యం తడబడకుండా చదివినవారే పెద్దలని అయ్యగారు నియమం పెట్టారు. ఐదుగురు నిలబడ్డారు. బస్టాండు దగ్గర కూరగాయలు అమ్మే సుగుణమ్మ రెండు పంక్తులు కూడబలుక్కుని ఆగిపోయింది. అయ్యగారు ఆమె పేరు కొట్టేశారు. ముప్పై రెండేళ్లు పంతులమ్మగా పనిచేసిన నాకు కూడా అది సబబుగానే తోచింది.

మరుసటి నెల ఆయన టైఫాయిడ్‌తో పదకొండు రోజులు మంచం పట్టారు. ఎన్నికైన నలుగురూ తలొకసారి వచ్చి, బత్తాయిలు పెట్టి, దీర్ఘంగా ప్రార్థించి వెళ్లారు. సుగుణమ్మ పదకొండు రోజులూ వచ్చింది. జావ కాచింది, గిన్నెలు తోమింది. ఆయన చూడవలసిన ఇళ్లకు కూడా తానే వెళ్లింది. కోహెడలో ఒక బాలింత, కందుకూరులో కాలు విరిగిన మేస్త్రి. ఆదివారం ఆయన మందిరానికి లేవబోతే కసిరింది: "పండుకోండ్రి అయ్యగారు. నాలుగు రోజులు మీ సంఘాన్ని దేవుడు సూస్కుంటడు తియ్యుండ్రి."

కోలుకున్న మొదటి ఆదివారమే ఆయన అందరి ముందూ నిలబడ్డారు. "పరీక్ష పెట్టినోన్ని నేనే, తప్పినోన్ని నేనే. దేవుడు ఆమెకిచ్చిన వరాన్ని నేను అచ్చరాల్ల దేవులాడిన" అని, సుగుణమ్మను ఐదో పెద్దగా పిలిచారు.

పెద్దల్లో ఒకరైన ప్రభుదాసు ఊరుకోలేదు. "సదువు రానామె పెద్దంటే మంది నవ్వరా అయ్యగారు?"

"నవ్వనియ్యన్నా," అన్నది సుగుణమ్మ, "నేను పోయేది ఏడ్సేటోళ్ల ఇండ్లకే."

ఆనాటి నుంచి ప్రతి నెలా చివరి ఆదివారం అయ్యగారు చాప మీద అందరి మధ్య కూర్చునేవారు. ఆరాధన పెద్దలే నడపాలి. ఎవరు తడబడినా మాట అందించేవారు కాదు. ఒకసారి ప్రసంగం మధ్యలో మరిచిపోయిన ప్రభుదాసు, చెమటలు తుడుచుకుంటూ, "జర అందుకోండ్రి అయ్యగారు" అని బతిమాలాడు. "నేను లేననుకో" అన్నారు ఆయన నవ్వుతూ.

బుధవారం సమాధి దగ్గర ప్రభుదాసు తడబడకుండా వాక్యం చెప్పాడు. పాస్టరమ్మను పొదివి పట్టుకుని సుగుణమ్మ ప్రార్థించింది. వారిద్దరినీ తీర్చిదిద్దిన చేతులు మట్టిలో కలిశాయి. తన తప్పును తానే వేదిక మీద చెప్పుకున్న కాపరిని నా డెబ్భై నాలుగేళ్లలో ఈయననొక్కరినే చూశాను. ఆయనకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

ఈ ఆదివారం ఆరాధనకు వచ్చినవారిని రెండుసార్లు లెక్కపెట్టాను. పోయిన వారం నూట నలభై ముగ్గురం. ఈ వారం నూట నలభై ఇద్దరం. తగ్గింది ఒక్కరు.