ముల్లు కదలని మీటరు

హఫీజ్‌పేట్ స్టేషను వెనక గల్లీలో, ప్రహరీ నీడన వ్యాను నిలిపి, ఐలయ్య పొద్దున పదింటి నుంచి దానితో కుస్తీ పడుతున్నాడు. సాయంత్రం ఐదున్నరకు గచ్చిబౌలిలో పదకొండు మంది ఆఫీసువాళ్లను ఎక్కించుకోవాలి. పోయిన వారం వాళ్లతోనే ఫ్లైఓవర్ నడిమధ్య వ్యాను ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. బండిలోని పాత వేడి మీటరు ఎప్పుడో చచ్చింది. అందుకే ఆవిరి కళ్లబడేదాకా ఇంజను మరుగుతోందని అతనికి తెలియలేదు. ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజర్ మహేశ్ ఆ రోజే తేల్చి చెప్పాడు.

"ఐలన్నా, ఇంకోసారి తోవల ఆగిందంటే నీ రూటు వేరేటోళ్లకు పోతది. మల్ల నన్ను అనొద్దు."

మదీనాగూడ దుకాణంలో బయటి కంపెనీ మీటరు, ఇంజను నీటి వేడిని పసిగట్టే సెన్సారు కొనుక్కొచ్చాడు. మెకానిక్కు దేనికి? వ్యాను నడపకముందు పద్నాలుగేళ్లు ఈ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో పైపులు బిగించిన చెయ్యి అది. తన జాయింటు నుంచి చుక్క నీరు కారిందని ఏ మేస్త్రీ అనలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

పాత సెన్సారు విప్పి, కొత్తదాని మరలకు పైపుల జాయింట్లకు వాడే తెల్ల టేపు ఏడు చుట్లు చుట్టి, పానాతో బిర్రుగా బిగించాడు. డబ్బాలో వచ్చిన రాగి వాషరును ఎక్‌స్ట్రా అనుకుని జేబులో వేసుకున్నాడు. వైరు లాగి, మీటరును స్టీరింగు పక్కన అమర్చి, ఇంజను స్టార్టు చేశాడు. చుక్క కారలేదు. ముల్లూ కదలలేదు.

ఇంజను మీద చెయ్యి పెడితే కాలుతోంది, ముల్లు మాత్రం అడుగునే పడుకుంది. వైర్లు విప్పి మళ్లీ కలిపాడు. ఫ్యూజు మార్చాడు. మీటరును వేలితో కొట్టాడు, ఆ తర్వాత అరచేత్తో కొట్టాడు.

"గట్ల కొడితే చెప్తదా ఏంది?" ఇంటి గడపలోంచి భార్య చంద్రమ్మ అంది. "మెకానిక్‌కు ఇయ్యమని పొద్దుగాలనే చెప్పిన. రా, అన్నం సల్లారుతుంది."

"ముందు ఇంజన్ సల్లారనీ. నువ్వు జర ఊకో."

దుకాణం శ్రీనివాసులుకు ఫోను చేస్తే, సెన్సారు వైరును ఊడదీసి ఇంజనుకు తాకించమన్నాడు. తాకించగానే ముల్లు ఆ చివరికి ఎగిరింది. మీటరు బాగానే ఉంది. అయితే సెన్సారే ఖరాబు! ఇంజను చల్లారడానికి గంటన్నర కాచుకుని, సెన్సారు విప్పి, ఆటో ఎక్కి మదీనాగూడ వెళ్లి దాన్ని కౌంటరు మీద పడేశాడు.

"ఖరాబు మాల్ అంటగట్టినవ్ నాకు!"

శ్రీనివాసులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పడీ పడీ నవ్వాడు. "ఏంటన్నా, ఇంజనుకు నల్లా బిగించావా?"

"ఏంది నవ్వుతవ్?"

"దీనికున్నది ఒక్కటే వైరు. రెండో వైరు పని ఈ మరలే చెయ్యాలి, ఇంజను ఇనుమును తాకి. నువ్వేమో టేపు చుట్టి వాటి నోరు మూసేశావు. నీళ్లు కారకుండా రాగి వాషరు ఇచ్చాంగా, అదేదీ?"

ఐలయ్య జేబు తడుముకున్నాడు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన టేపును తిరుగు ఆటోలో దారి పొడవునా గోటితో గీకుతూనే ఉన్నాడు.

నాలుగున్నరకు రాగి వాషరు వేసి మళ్లీ బిగించి స్టార్టు చేస్తే, ముల్లు నెమ్మదిగా లేచి ఎనభై ఐదు డిగ్రీల దగ్గర, ఉండాల్సిన చోటే నిలబడింది. చూపిద్దామని చంద్రమ్మను కేకేశాడు. ఆమె అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆ సంతోషం గచ్చిబౌలి ట్రాఫిక్కు దాకానే. నిండా మనుషులు, ఫుల్లుగా ఏసీ, ముందు కదలని కార్లు. తొంభై ఐదు. నూట రెండు. నూట ఎనిమిది. తెలియని రోజుల్లో హాయిగా పాటలు వినేవాడు. ఇప్పుడు రోడ్డు కంటే ముల్లునే ఎక్కువ చూస్తున్నాడు. ఏసీ కట్టేసి, ఇంజను వేడి బయటికి పోయేలా హీటరు పూర్తిగా తిప్పాడు.

"ఏమండీ, ఏసీ ఆపేశారేంటండీ?" రెండో వరసలోని కిరణ్మయి అరిచింది. "అయ్యో, వేడిగాలి వస్తోంది! నేను కంప్లయింటు పెడతానండీ."

"పెట్టుండ్రి మేడం. బండి ఆగితే ఈడనే దిగి నడవాలె, జర ఓర్సుకోండ్రి."

కిటికీలు తీశారు, తిట్టుకున్నారు, ఫోన్లలో టకటకా కొట్టారు. ముల్లు నూట నాలుగుకు, తొంభై ఎనిమిదికి దిగింది. ఆఖరి మనిషి మదీనాగూడలో దిగేసరికి ఐలయ్య చొక్కా పిండితే నీళ్లొచ్చేలా ఉంది. వెంటనే మహేశ్ ఫోను.

"అన్నా, జనాన్ని ఉడకబెట్టినవట ఏంది? నాలుగు కంప్లయింట్లు!"

"తోవల ఆగిందని ఎవరన్న రాసిండ్రా?"

"రాయలె."

"మరి రూటు?"

"ఉంటది తియ్యి. కానీ రేపు గిట్లనే చేస్తే నేను కాపాడలేను. రేడియేటర్ చూపించుకో."

రేపు రేడియేటర్ అన్నమాట. పొద్దున ఆఫీసు ట్రిప్పు అయ్యాక మళ్లీ ఇదే గల్లీ, ఇదే కుస్తీ. ఐలయ్య ఫోను పక్కన పడేసి, ఇంజను ఆపకుండా సీట్లోనే కూర్చున్నాడు. ముల్లు తొంభైకి దిగేదాకా ఆపేలా లేడు.