పదికి ఒకటి పక్కన పెట్టిన పిల్ల

ముందు పోయినవి లెక్క వేస్తాను. మామిడికాయల మండీ ఒకటి. దాని వెనక గది, గది ముందు రేకుల పందిరి. తుడిచి తుడిచి నడుమ తెల్లబడిపోయిన నల్లబల్ల. సాయంత్రం బడి వదిలాక వచ్చి కూచునే పద్నాలుగు మంది పిల్లలు. కాయల్ని చేత్తో లెక్కపెట్టి కుప్ప పోసే పద్ధతి. వీటిలో కొన్నిటిని రోడ్డు వెడల్పు చేసే పని తీసుకుపోయింది, కొన్నిటిని కాయల్ని బండితో సహా తూచేసే వేబ్రిడ్జి తీసుకుపోయింది. అన్నీ ఒకదాని కింద ఒకటి రాసి గీత గీస్తే ఏదో ఒక మొత్తం వస్తుంది. మునిలక్ష్మి మాత్రం ఆ మొత్తంలో ఇమడదు. ఆ పిల్లను వేరే రాసుకోవాల్సిందే.

కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది అది. చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో రోడ్డు పక్క ఊరు మాది. నేను మండీలో గుమాస్తాను. చదివింది పదో తరగతి వరకే. లెక్కలు బడిలో కంటే రైతుల బిల్లులు రాస్తూ ఎక్కువ నేర్చుకున్నాను. కాయల కాలం మూడు నెలలు, మిగతా రోజులు చేతినిండా తీరిక. పక్కింటి పిల్లవాడు నాలుగో తరగతికి వచ్చి కూడా నలభై ఒకటికీ పద్నాలుక్కీ తేడా చెప్పలేకపోతే కూచోబెట్టి చెప్పాను. అట్లా మొదలై పద్నాలుగు మంది అయ్యారు.

అందరికీ లోటు ఒకచోటే ఉండేది. దాన్ని బడిలో ప్లేస్ వాల్యూ అంటారు. అంకె ఏ గడిలో కూచుందో దాన్నిబట్టి దాని విలువ. 34లో మూడు అంటే మూడు కాదు, ముప్పై. ఇది నోటితో చెబితే పిల్లలు తల ఊపుతారు, చేతికి అందదు. అందుకని చీపురు పొరక పుల్లలు విరిచి తెచ్చాను. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. కట్టలు ఎడమవైపు, విడి పుల్లలు కుడివైపు. వారం తిరక్కుండానే పిల్లలు కూడికలు చేయసాగారు, ఒక్క మునిలక్ష్మి తప్ప.

మునిలక్ష్మి నాయన చెంగయ్య మా మండీలోనే కాయలు లెక్కపెట్టేవాడు. కరోనా మొదటి ఏడాదే పోయాడు. తల్లి సెల్వమ్మ మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోయేది. ఆ పని అయిపోయాక తమిళనాడు వైపు ఇటుకల బట్టీలకు. పిల్లను నా దగ్గర దింపిన రోజే సంగతి చెప్పింది.

"అన్నా, గురుకులం పరీక్ష రాయిస్తా ఉండాను. సీటొస్తే ఆడ మూడు పూటలా అన్నం, చదువు. రాకపోతే నాతోపాటే బట్టీకి తోలకపోవల్ల. ఒక్కదాన్ని యాడ ఇడిసిపెట్టేది?"

పరీక్షకు మూడు నెలలు కూడా లేదు.

పిల్ల మొద్దు కాదు. పుల్లలతో చేయమంటే తప్పేది కాదు. పలక మీద చేయమంటే మాత్రం జవాబు ఒకటి తక్కువ వచ్చేది. 38కి 24 కలపమంటే 61 వేసేది. తీసివేతల్లో ఒకటి ఎక్కువ. 52లో 27 తీసేయమంటే 26. కలిపేటప్పుడు పది దాటని లెక్కలు మాత్రం అన్నీ సరిగ్గా ఉండేవి. ఇంకో వింత, జవాబులో సున్న రావాల్సిన లెక్కల దగ్గర బలపం పట్టుకుని ఊరికే కూచునేది. 26కు 34 కలపమంటే పలక ఖాళీ.

పిల్లలు ఆమెకు పేరు కూడా పెట్టేశారు. వెనక వరసలో దిలీప్ అనేవాడు ఒకడు ఉండేవాడు, నోటికి తాళం లేనివాడు.

"ఏమ్మే ఒకటి తక్కువ లక్ష్మీ! మీ ఇంట్లో దోసెలు కూడా ఒకటి తక్కువేనా?"

"నీకు బుద్ధి తక్కువ, నాకు ఒకటే గదా తక్కువ," అనేది ఆమె తలెత్తకుండా.

నాకు తెలిసిన పరీక్షలు రెండు. ఒకటి రౌండింగ్, అంటే అంకెను దగ్గరి పదికి సర్ది చూడడం. 38 నలభైకి దగ్గర, 24 ఇరవైకి దగ్గర, కలిపితే అరవై. జవాబు అరవై చుట్టుపక్కల ఉంటే పెద్ద తప్పు లేదని గుర్తు. మునిలక్ష్మి 61 కూడా అరవై పక్కనే ఉంది. సుమారు లెక్క ఒక్కటి తేడాను పట్టుకోదు. రెండో పరీక్ష, వచ్చిన మొత్తంలోంచి కలిపిన రెండు అంకెల్లో ఒకదాన్ని తీసేస్తే మిగతా అంకె రావాలి.

"61లో 24 తీసెయ్ చూద్దాం," అన్నాను. సరైన జవాబు 37, కాబట్టి తప్పు బయటపడుతుందని నా ధీమా.

చేసింది. 38 వచ్చింది.

"సూడండి సార్, సరిపోయిండాది గదా!"

రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాను. కూడికలో పోయిన ఒకటి తీసివేతలో తిరిగి వచ్చి కూచుంటోంది. గాలివాటంగా చేసే తప్పు అట్లా తిరిగి రాదు. ఈ పిల్ల ఏదో ఒక పద్ధతి ప్రకారం చేస్తోంది. ఆ పద్ధతి నాకు తెలియదు.

తెలిసింది కూడా నా తెలివివల్ల కాదు. పిల్లలు కత్తియుద్ధాలు ఆడి పుల్లలన్నీ విరగ్గొట్టేశారు. ఒకరోజు చింతపిక్కలు తెచ్చి పోశాను. పిక్కల్ని కట్ట కట్టలేం కాబట్టి పదేసి కుప్పలు పెట్టుకోమన్నాను. మునిలక్ష్మి ఎనిమిది పిక్కలు, నాలుగు పిక్కలు ఒకచోట కలిపింది. పెదాలు కదుపుతూ లెక్క మొదలుపెట్టింది. "లాభం, రెండు, మూడు..." పది కాగానే అవి ఒక పక్కకు తోసింది. పదకొండో పిక్కను తీసి ఎడమవైపు ఒంటరిగా పెట్టింది. కుడివైపు ఒక్క పిక్క మిగిలింది. పలక మీద ఒకట్ల గడిలో 1 వేసింది.

ఒకటికి బదులు లాభం అనడం మా మండీలో మాట. చెంగయ్య గొంతు విన్నట్టయింది. కాయలు రెండు చేతులా తీసి వేస్తూ పాటలాగా లెక్క చెప్పేవాడు. నూరు కాగానే తర్వాతి కాయను పక్కన పెట్టేవాడు. అది నూటికి గుర్తు. పక్కనున్న గుర్తులు పన్నెండు ఉంటే పన్నెండు నూర్లు. ఆ గుర్తుకాయలు రైతు లెక్కలోకీ రావు, కొన్నవాళ్ల లెక్కలోకీ రావు. సాయంత్రం లెక్కపెట్టినవాడి సంచిలోకి పోతాయి. అది వాడుక, ఎవరూ కాదనరు. నేను గల్లాపెట్టె దగ్గర కూచుని ఏళ్ల తరబడి చూసిందే.

"ఈ పిక్క యాడికి పోయిందమ్మా?" అని ఎడమవైపుదాన్ని చూపించాను.

"ఇంటికి సార్."

"ఎవరింటికి?"

"మా ఇంటికే. నాయన తెస్తాడు గదా. పెద్దవి నూటికొకటి. నాకు నేర్పించేటప్పుడు పిక్కలతో పదికొకటి."

తెచ్చేవాడు అనలేదు. తెస్తాడు అంది.

మా బడి లెక్కలో పైన చిన్నగా వేసే ఒకటిని క్యారీ అంటారు, ఒకట్ల గడిలో పది నిండితే పదుల గడికి పంపే గుర్తు. ఆ గుర్తు కోసం ఆమె ఒక కాయను తీస్తోంది. తీసివేతలో పదిని విప్పినప్పుడు పది కాయలతోపాటు గుర్తుకాయ కూడా వెనక్కి తెచ్చి కలుపుతోంది. ఎక్కడా పొరపాటు లేదు. పుల్లల కట్టకు వేరే గుర్తు అక్కర్లేదు కాబట్టి అక్కడ సరిపోయేది.

నాకు కారణం దొరికిన సంబరంలో వివరంగా చెప్పాను. పరీక్షలో మామిడికాయలు లేవనీ, అక్కడ ఇంటికి తెచ్చుకునే కాయ ఉండదనీ, పన్నెండులో పది పోతే రెండు మిగలాల్సిందేననీ. అంతా వింది.

"అయితే మా నాయనది తప్పు లెక్కా?"

కాదన్నాను. కాదంటే 61 ఎందుకు తప్పని అడిగింది. ఆ గొంతులో మొండితనం లేదు, భయం ఉంది. అప్పుడే సెల్వమ్మ పిల్లను పిలుచుకుపోవడానికి వచ్చింది. సంగతి విని తలకొట్టుకుంది.

"ఉన్నన్ని రోజులు సంచీ నిండా కాయలు తెచ్చి తినిపించినాడు ఆయప్ప. పోతా పోతా బిడ్డకు తప్పులెక్క అంటించి పోయినాడా! ఏమ్మే, సార్ చెప్పినట్ట చెయ్యి. ల్యాకపోతే బట్టీలో ఇటుకలు లెక్కపెడుదువు."

ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి వచ్చిన మనిషి. ఆ మాటల్లో కోపం కంటే అలసటే ఎక్కువ. పిల్ల మాత్రం పలకను గోడకు ఆనించి తల్లి వెంట వెళ్లింది. తర్వాత కొన్ని సాయంత్రాలు రాలేదు. దిలీప్ కూడా వాకిలి వైపు చూస్తూ కూచునేవాడు.

"సార్, నేను దోసెల మాట అన్న్యానని రాలేదేమో," అన్నాడు ఒకరోజు.

నేనే వాళ్లింటికి వెళ్లాను. పిల్ల గడపలో కూచుని ఉంది. లెక్కల గురించి మాట్లాడకూడదని అనుకునే వెళ్లాను. కానీ నాకు తెలిసింది అదొక్కటే. సున్న లెక్కల సంగతి మనసులో మెదిలి అడిగాను.

"మునిలక్ష్మీ, 26కు 34 కలపమంటే ఎందుకు ఊరకుంటావు?"

"ఆరూ నాలుగూ పదే గదా సార్. పక్కన పెట్టేదానికి కాయ చాల్లేదు."

"కుప్పలో సరిగ్గా నూరే ఉంటే మీ నాయన ఏం చేసేవాడు? గుర్తు పెట్టకుండా లేచిపోయేవాడా?"

ఆ కుప్ప, ఆ ఎండ, నాయన తలపాగా, అన్నీ ఆమె కళ్ల ముందు తిరుగుతున్నాయని తెలుస్తూనే ఉంది.

"రాయి పెట్టేవాడు," అంది మెల్లగా. "కింద ఉండే గులకరాయి తీసి పెట్టేవాడు సార్. ఆ పొద్దు ఆ నూటికి మాకు కాయ ల్యా."

"ఆ రాయితో లెక్క తప్పేదా?"

"ల్యా సార్. మా నాయనది ఎప్పుడూ తప్పదు."

లేచి వాకిట్లో నుంచి ఒక గులకరాయి ఏరుకుంది. నేల మీదే రాసుకుంటూ 26కు 34 కలిపింది. ఆరూ నాలుగూ పది, రాయి పక్కన, సున్న. రెండూ మూడూ అయిదు, రాయితో ఆరు. అరవై. ఆ తర్వాత నేను అడక్కుండానే 38కి 24 చేసింది. ఎనిమిదీ నాలుగూ పన్నెండు. పదికి రాయి. రెండు మిగిలాయి. ఆ రెండింట్లోంచి ఇంటికి ఏదీ తీయలేదు. అరవై రెండు అని రాసింది.

"పరీక్షలో రాయి పెడతా సార్. ఇంటికాడ మాత్రం నాయన మాదిరే కాయ పెడతా."

సరేనన్నాను. దిద్దడానికి నాకు ఇంకేమీ మిగల్లేదు.

గురుకులంలో సీటు వచ్చింది. సెల్వమ్మ గుజ్జు మరకలు పోని చేతులతో నాకు దండం పెట్టింది. ఆ తర్వాత ఆమె బట్టీ పనికి వెళ్లి, అక్కడే ఎక్కడో కుదురుకుందని విన్నాను. ఆమె ఫోన్ నంబరు ఇప్పుడు పలకదు. గురుకులం దూరం. అక్కడికి వెళ్లి ఏమని అడగాలి? ఆ పిల్లకు నేను చుట్టం కాను, బడిపంతులునూ కాను. ఇప్పుడు పై తరగతుల్లో ఉండాలి. నాకు పెద్ద లెక్కలు రావు, ఆమెకు వచ్చి ఉంటాయి.

ఈ పని నాకు నేర్పింది ఇదే. ఇప్పుడు మా ఇంటి దగ్గర చెప్పించుకునే ఒకరిద్దరు పిల్లలకు తప్పు జవాబు వస్తే వెంటనే ఇంటూ గుర్తు వేయను. తేడా ఎంతో చూసి, ఆ తేడా యాడికి పోయిందమ్మా అని అడుగుతాను. చాలాసార్లు పిల్లలు చెప్పలేరు. చెప్పినప్పుడు మాత్రం వినడానికి తీరిక ఉండాలి.

మునిలక్ష్మి గురుకులానికి వెళ్లే ముందు రోజు సాయంత్రం పందిరి కింద రౌండింగ్ చేస్తున్నాం. 44 నలభైకి, 46 యాభైకి సర్దింది. 45 దగ్గర ఆగింది.

"సార్, ఇది నడిమధ్యన ఉండాది. రెండు పక్కలా అయిదే దూరం. యాభైకే ఎందుకు పోవల్ల? నలభైకి పోతే ఏమి?"

పుస్తకంలో అట్లా ఉందని తప్ప నాకు తెలియదు. "రేపు చెబుతాలే," అన్నాను. మధ్యాహ్నం బస్సుకు పోతారనుకున్నాను, తెల్లవారే బస్సుకే తల్లి ఆమెను తీసుకుపోయింది.

తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఎటు పోయినా దూరం ఒకటేనట. అందరి లెక్కా ఒకే తీరుగా ఉండాలని పైకి పంపుదామని ఒప్పుకున్నారట, అంతే. నలభైకి పోవడం పాపమేమీ కాదు. ఈ మాట ఆమెకు చెప్పాలి. ఈ రోజు వరకూ ఆ పిల్లకు నా దగ్గర నుంచి రావాల్సింది ఒక జవాబు.