మూడు గంటల నీళ్లు

ఒమాన్ దేశం సలాలాలో మా పైపులైను పని ముగింపుకొచ్చిన వారం నాకు ముద్ద దిగలేదు. ముప్పై మందిమి రెండేళ్లు ఇసుక తవ్వి, ఇనుప పైపులు దించి, ఊరి పాత నీటి లైనును రైసూత్ దారిలో కొత్తగా కట్టిన ఇళ్ల దాకా పొడిగించాం. పని అయిపోతే వీసా అయిపోయినట్టే, అందరికీ టికెట్లే. ఒక్కడికి తప్ప! లైను చూసుకోవడానికి, వాల్వులు తిప్పడానికి ఒక మనిషిని ఉంచుకుంటామని కంపెనీ చెప్పింది. ఆ ఒక్కణ్ణి నేనే కావాలి. తింటున్నా అదే ధ్యాస, పడుకున్నా అదే ధ్యాస.

ఆశ ఊరికే పుట్టలేదు. నేను బిగించిన జాయింట్లలో ఒక్కటీ కారలేదు. లైనుకు ప్రెషర్ పెట్టి చూసిన రోజు గేజులో ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. మా ఇంజనీరు సారు గోదావరి కాలువ పక్కన పుట్టిన మనిషి, ఎవర్నీ తొందరగా మెచ్చుకోడు. అలాంటివాడు నా భుజం తట్టి, "నీ పేరే రాద్దామనుకుంటున్నానయ్యా. ఈ క్లోరిన్ పని కూడా సవ్యంగా అయిపోనీ" అన్నాడు. ఇంకేముంది, ఆ రోజంతా నేను సైట్‌లో నడవలేదు, ఎగిరాను!

కొత్త లైనులో మట్టీ క్రిములూ ఉంటాయి కాబట్టి, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచాలి. తర్వాత లైను చివరి వాల్వు తెరిస్తే, వెనక నుంచి మంచినీళ్లు తోసుకొచ్చి ఆ మందు నీళ్లన్నీ ఇసుకలోకి పోతాయి. పౌడర్ కొలిచి కలిపింది నా రూమ్‌లోనే ఉండే అన్న. మాది కరీంనగర్ వైపు, అన్నది మా పక్క ఊరే, నాకన్నా పదేళ్లు పెద్ద. చివరి వాల్వు దగ్గర డ్యూటీ నాది. "మూడు గంటలు వదలాలి. ఒక్క నిమిషం తగ్గకూడదు" అని చెప్పి సారు వెళ్లిపోయాడు.

పొడుగాటి ఇనుప కీతో వాల్వు తిప్పాను. అబ్బో, ఏం దూకాయి నీళ్లు! ముందు తుప్పు రంగు, తర్వాత పాల విరుగుడు రంగు. గంట గడిచేసరికి అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేట. అన్ని నీళ్లూ ఇసుక గటగటా తాగేస్తోంది. కొంచెం దూరంలో ట్యాంకర్ ముందు ఆ ఇళ్ల ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. మా ఊళ్లో ఎండాకాలం బావిలోకి మనిషిని దించి చెంబుతో తోడించేవాళ్లం. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోసేది కాదు. ఇంకెంతసేపు చూడను? గంటంబావుకే వాల్వు కట్టేశాను. పైగా ఎంత మంచి పని చేశానని మురిసిపోయాను కూడా!

మర్నాడు పొద్దున నీళ్లొస్తాయని వాడంతా మొదటి ఇంటి కుళాయి ముందు చేరింది. సారు చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కల మందు వేశాడు. క్లోరిన్, అంటే ఆ పౌడర్ మందు, తాగడానికి తగ్గంతే ఉంటే లేత పసుపు రంగు రావాలి. గొట్టం ముదురు నారింజ రంగుకు తిరిగింది. సారు ముఖం కూడా అలాగే అయింది.

"పౌడరు కొలిచే పోశావా, చేతికొచ్చినంత కుమ్మరించావా?" అని అన్న మీద విరుచుకుపడ్డాడు.

"కొలిశే పోసిన సార్, ఒట్టు!"

"కొలిస్తే ఇలా ఎందుకొస్తుంది? ఇంకే కంపెనీలోనూ పనికి రానివ్వకుండా రాసి పంపిస్తాను నిన్ను!"

నేను నోరు మూసుకుంటే ఉద్యోగం నాదే. మూసుకుందామనే అనుకున్నాను, అబద్ధమెందుకు? కానీ అన్న మెడ వంచి నిలబడ్డ తీరు చూడలేకపోయాను.

"సార్, అన్న తప్పు లేదు. నేనే ముందుగాల బంద్ చేసిన. గంటంబావుకే."

"ఎందుకు?"

"నీళ్లు అట్ల పోతాంటె పాణం ఒప్పలే సార్. తేటగనే ఉన్నయి గద అనుకున్న."

"తేటగా ఉంటే సరిపోతుందటయ్యా! అది నీళ్లు కాదు బాబూ, మందు! పసిపిల్లలు తాగితే పూచీ ఎవరిది?"

"ఎంత పని జేసినవ్‌రా!" అన్నాడు అన్న.

మళ్లీ వాల్వు తెరిచాను. ఈసారి మూడు గంటలూ పళ్లు బిగబట్టి నిలబడ్డాను. మధ్యాహ్నం గొట్టంలో లేత నిమ్మకాయ రంగు వచ్చింది. సారు కుళాయి తిప్పాడు. ముందు గాలి దగ్గింది, రెండుసార్లు ఉమ్మింది, ఆ తర్వాత ధారగా వచ్చాయి చూడండి నీళ్లు! ఆడవాళ్లు అక్కడి పద్ధతిలో నాలుకలు ఆడిస్తూ సంతోషంగా కేకలు పెట్టారు. ఒక ముసలాయన ముఖం కడుక్కుని, ఆ తడి గడ్డంతోనే నన్ను వాటేసుకున్నాడు. ఉద్యోగం మర్చిపోయాను, టికెట్ మర్చిపోయాను. "అచ్చినయ్! నీళ్లచ్చినయ్!" అని తెలుగులోనే అరుస్తూ గంతులేశాను. ఎవరికర్థమైతే ఏం, కాకపోతే ఏం!

సాయంత్రం సారు వాల్వు కీ తీసి, ఉద్యోగం నీదే అన్నట్టు అన్న చేతిలో పెట్టాడు. "నిజం చెప్పావు, చాలా సంతోషం. కానీ ఈ కీ నీకివ్వలేనయ్యా" అన్నాడు నాతో. కడుపు మండిపోయింది. సారు మీద కాదు, నా మీద నాకే. "నీకే రావాలె అన్నా" అన్నానేగానీ, అది పెదాల మీది మాటే.

ఎనిమిది రోజుల తర్వాత కంపెనీ వ్యాన్ నన్ను విమానాశ్రయానికి తీసుకెళుతోంది. దారి పక్కన మా లైనునే మళ్లీ ఒకసారి కడుగుతున్నారు. నీళ్లు ఎగిసిపడుతున్నాయి. వాటికి వీపు పెట్టి, చేతి గడియారం మీద నుంచి చూపు తిప్పకుండా అన్న నిలబడి ఉన్నాడు. వ్యాన్ ఆపించి కిటికీలోంచి అరిచాను.

"అన్నా, ఇటు తిరిగి నిలవడ్డవేంది?"

"అటు జూస్తె నేను సుత బంద్ జేస్తరా!"

ఓరి నా తెలివి తెల్లారా! వీపు తిప్పి నిలబడితే సరిపోయేదా!